కుండ నుంచి కుమ్మరికి, కొండ నుంచి దేవుడికి

దేవుడున్నాడని తర్కంతో నిరూపించవచ్చునా అన్న ప్రశ్న రాగానే, ఇక్కడి మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేవి ఆన్సెల్మ్, అక్వినాస్, కాంట్ పేర్లు. వాళ్ళను చదవవలసిందే. కాని సుమారు వెయ్యేళ్ళ కిందట ఉదయనాచార్యుడు రాసిన 'న్యాయకుసుమాంజలి' వాటికి ఏమాత్రం తీసిపోదు. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు, తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న 'దీపిక'లో ఆ వాదాన్నే క్లుప్తంగా చెప్పాడు.

వాదం చూడడానికి చిన్నదే. కుండ ఒక కార్యం. అంటే ఒకప్పుడు లేక, తరవాత పుట్టినది. దానికి కుమ్మరి ఉన్నాడు. భూమి, మొలక కూడా కార్యాలే. కనుక వాటికీ ఒక కర్త ఉండాలి. అంతటి పని మనుషుల వల్ల కాదు కాబట్టి ఆ కర్త ఈశ్వరుడు.

ఉదయనుడికి ముందే బౌద్ధుడైన ధర్మకీర్తి ఈ ధోరణిని ఎదిరించాడు. మట్టి ఆకారం మారినంతమాత్రాన కుమ్మరి ఉన్నాడంటే పుట్టను కూడా కుమ్మరే చేశాడనాలి కదా అన్నాడు. ఎవరూ నాటకుండా అడవిలో మొలిచే గడ్డి సంగతేమిటన్నది మరో ఆక్షేపణ. దానికి నైయాయికుల సమాధానం: గడ్డి వివాదంలో ఉన్న 'పక్షం'లోనిదే, దాన్ని ఎదురు ఉదాహరణగా చూపకూడదు.

ప్రోగ్రాములు రాసుకు బతికే నాకు, ఇది ఫెయిలైన టెస్టును పరీక్షల జాబితాలోంచి తీసేసినట్టు కనిపిస్తుంది. అయితే నైయాయికుడికి అన్యాయం చేయకూడదు. కొండ మీద పొగ చూసి నిప్పును ఊహించినప్పుడు, "ఆ కొండ మీదే నిప్పు కనబడటం లేదుగా" అనడం ఆక్షేపణ కాదు. కనిపిస్తే ఊహించే పనే లేదు. నియమం సరైనదే. చిక్కు మరోచోట ఉంది. కొండెక్కితే నిప్పు కనిపించవచ్చు, లేదా అది పొగ కాదు మంచు అని తేలవచ్చు. ఇక్కడ ఎక్కడానికి కొండ లేదు. పొరపాటు ఉంటే బయటపడే దారే లేని అనుమానం ఇది.

ఇంకా గట్టి దెబ్బ ఆస్తికుడి నుంచే వచ్చింది. రామానుజులు శ్రీభాష్యంలో మూడో బ్రహ్మసూత్రం దగ్గర ఈ వాదాన్ని విప్పి చూపారు. కొండలూ సముద్రాలూ అన్నీ ఒకేసారి ఒక్కడే చేశాడనడానికి ఆధారమేది? కుండ పోలికనే పట్టుకుంటే దేహం ఉన్న, పరిమిత శక్తి గల కర్తలే తేలుతారు గాని సర్వజ్ఞుడు తేలడు. అందుకే ఈశ్వరుడు శాస్త్రం వల్లే తెలుస్తాడని ఆయన సిద్ధాంతం.

మన కాలంలో గణితవేత్త గోడెల్ మరో నిరూపణ రాసి పెట్టుకున్నాడు. 2013లో బెంజ్‌మ్యులర్, పాలియో దాని స్కాట్ పాఠాన్ని కంప్యూటరుతో తనిఖీ చేశారు. ప్రతిపాదనల నుంచి ఫలితం వస్తుందని తేలింది. తరవాత, గోడెల్ సొంత రాతప్రతిలోని ప్రతిపాదనలు పరస్పర విరుద్ధాలని కూడా యంత్రమే పట్టుకుంది. కాని ప్రతిపాదనలు నిజమా కాదా అన్నది ఏ యంత్రమూ చెప్పదు.

నా దృష్టిలో న్యాయకుసుమాంజలి బలం అయిదో స్తబకంలోని నిరూపణల్లో లేదు, మూడో స్తబకంలో ఉంది. కనబడదగినది కనబడకపోతేనే లేదనాలి. కనబడే స్వభావమే లేనిదాన్ని, కనబడలేదు కాబట్టి లేదనరాదని అక్కడ ఉదయనుడు వాదిస్తాడు. "చూపించు, లేకపోతే లేడు" అనే నాస్తికుడికి ఇది ఇప్పటికీ సరైన జవాబు. అది తలుపు మూయకుండా ఆపుతుంది. లోపల ఎవరున్నారో మాత్రం చెప్పదు.

ఆ సంగతి ఉదయనుడికి తెలుసనిపిస్తుంది. ఈ న్యాయచర్చ శ్రవణం తరవాత వచ్చే మననమనీ, ఉపాసనేననీ గ్రంథారంభంలోనే అంటాడు. చివర, దేవుణ్ణి కాదంటూ ఆయన్నే గట్టిగా తలుచుకుంటున్న ప్రతివాదులను కూడా దయతో కాపాడమని వేడుకుంటాడు. ఇక్కడ మన పిల్లలు "రుజువేది?" అని అడిగితే కుండ కథ ఒక్కటి చెప్పి ఊరుకుంటున్నాం. ఇంజనీరింగు చదవబోయే పిల్లలకు అది చాలదు. పుట్ట సంగతీ, రామానుజుల ఆక్షేపణా కూడా చెప్పాలి. అవి వినీ నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు కనీసం దేన్ని నమ్మడం లేదో తెలిసి మానేస్తారు.