మేనే పటం, మన్నే రంగు

అండమాన్ అడవుల్లో పుట్టిన ఆడవాళ్ళు గొప్ప చిత్రకారులు. తెల్లసుద్ద, బంకమట్టి, ఎర్రరాయి, కొవ్వు కలిపి, ఊపిరి పీల్చే ఒంటి మీద బొమ్మ వేస్తారు. దానికి గవ్వల హారం, నార మొలతాడు జతచేస్తారు. ఇన్ని సరుకులను ఒక్క కూర్పులో ఇమిడ్చే వాళ్ళను మిశ్రమ మాధ్యమ చిత్రకారులు అనకపోతే ఇంకెవరిని అంటాం? చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గీతకు చేతులెత్తి మొక్కేవాణ్ణి నేను. ఆ చేతులతోనే ఈ తల్లులకూ మొక్కుతాను.

వాళ్ళ సరుకు మూడు రంగులు. ఒకటి మామూలు బూడిదరంగు బంకమట్టి. రెండోది మెత్తని తెల్లసుద్ద. మూడోది ఇనుము కలిసిన ఎర్రరాయిని కాల్చి, నూరి, పందికొవ్వులోనో తాబేలు కొవ్వులోనో కలిపిన ఎరుపు. బ్రిటిష్ అధికారి ఇ.హెచ్. మాన్, ఆ తర్వాత 1906-08 మధ్య దీవుల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఈ సంగతులు రాసిపెట్టారు. రెండోవారి పుస్తకం 1922లో అచ్చయింది.

అసలు గొప్పతనమంతా చేతిలో ఉంది. పందిమాంసమో తాబేలు మాంసమో తిన్న తర్వాత పూసే బూడిద మట్టి పని చూడండి. నీళ్ళలో కలిపిన మట్టిని అరచేత్తో ఒంటిమీద పరుస్తారు. తడి ఆరకముందే వేళ్ళు దించి లాగుతారు. మట్టి తొలగిన చోట నల్లని మేను గీతగా తేలుతుంది. రంగు వేసి గీసే గీత వేరు, రంగు తీసి గీసే గీత వేరు. ఈ రెండో రకంలో చెయ్యి తడబడితే దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు, మట్టి ఆరిపోతుంది. తెల్లసుద్ద పని ఇంకా సున్నితం. సన్నని వంకర గీతలు చెంప వంపు మీద, భుజం గుండ్రం మీద, పిక్క మీద వరస తప్పకుండా నడవాలి. చదునైన కాగితం మీద సరిగ్గా వచ్చే గీత, మనిషి కదిలితే చెదురుతుంది. అలా చెదరకుండా నిలబెట్టడంలోనే వాళ్ళ నేర్పంతా ఉంది.

పద్ధతి అందరిదీ ఒకటే, చెయ్యి మాత్రం ఎవరిది వారిదే. నమూనాలు తరతరాల నుంచి వచ్చినవే అయినా, తన మనిషి ఒంటిమీద కొత్త కూర్పు తేవాలని ఆడవాళ్ళు పోటీపడతారు. మన ముంగిట్లో ముగ్గూ అంతే కదా: చుక్కలు అందరివీ, పెట్టిన చెయ్యి ఎవరిదో ఆ వీధికి తెలుస్తుంది. రంగుకు అర్థమూ ఉంది. చావు జరిగిన ఇంట్లో నమూనా లేని మట్టి ఒళ్ళంతా పులుముకుంటారు. ఎరుపు, తెలుపు ముట్టరు. దుఃఖం తీరిన రోజున ఆ రెండూ పూసుకుని నాట్యమాడతారు. గీత లేకపోవడంతో కూడా మాట్లాడగల చిత్రకళ ఇది. చిన్న అండమాన్‌లోని ఓంగే ఆదివాసుల లెక్కలో రంగు ఒంటి వాసనను కూడా అదుపు చేస్తుంది. వాసన పట్టి వచ్చే ఆత్మల నుంచి కాపాడుతుంది.

నికోబార్ వాళ్ళ దారి వేరు. పోకచెట్టు మట్ట మీద సూర్యచంద్రులు, ఓడలు, చేపలు, ఇళ్ళు వేసే హెంటాలూ, చెక్కతో చెక్కి రంగులద్దే కరేవు బొమ్మలూ వాళ్ళవి. వాటిలోనూ పనితనం అబ్బురమే. అయినా నా మొగ్గు మట్టిగీత వైపే.

ఇక బాధ చెప్పాలి. 2004 డిసెంబర్ 26 సునామీ నికోబార్ తీరపు ఊళ్ళను ఊడ్చేసింది. ఇళ్ళతోపాటు ఇళ్ళలోని పాత బొమ్మలూ పోయాయి. 2010 జనవరిలో బోవా సీనియర్ కన్నుమూయడంతో అండమాన్ ఆదివాసుల బో భాష మాట్లాడే చివరి మనిషి లేకుండా పోయింది. ఓంగేలు ఇప్పుడు వందకు కాస్త పైన మిగిలారు. నేర్పే అమ్మమ్మ పోతే ఏ బడి ఈ విద్య నేర్పుతుంది?

దీనికి తోడు నకిలీల బెడద. యాత్రికుల కోసం పెట్టే వినోదాల్లో కుర్రాళ్ళకు నల్లరంగు పులిమి, దీవులకు సంబంధం లేని ఈకలు తగిలించి ‘ఆదివాసీ నృత్యం’ అంటారు. ఎక్కడివో చెక్క ముసుగులను అండమాన్ కళగా అమ్ముతారు. ఇది దొంగతనం కన్నా హీనం. దొంగ వస్తువునే ఎత్తుకుపోతాడు, వీళ్ళు పేరునూ చెడగొడుతున్నారు. అంతకన్నా సిగ్గుచేటు, అండమాన్ ట్రంక్ రోడ్డు మీద బిస్కెట్లు విసిరి జరావా ఆదివాసులను ఆడించడం. ఆ వీడియోలు 2012లో దేశాన్ని తలదించుకునేలా చేశాయి. 1956 నాటి రక్షణ నిబంధనలున్నా జరిగిన ఘోరమిది.

దీవుల్లో స్థిరపడిన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. మీకూ, సెలవులకు అక్కడికి వెళ్ళే మీ చుట్టాలకూ నా విన్నపం ఒకటే. జరావాల అడవిలోకి తొంగి చూడకండి. నకిలీ ఆట చూడకండి, నకిలీ ముసుగు కొనకండి. దీవుల రాజధాని శ్రీవిజయపురంలోని మానవశాస్త్ర మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్ళి, ఇది చిత్రకళ అని నోరారా చెప్పండి. మన చిత్రకళా పాఠాల్లో రవివర్మ పక్కన ఈ తల్లులకూ ఒక అధ్యాయం ఉండాలి. వాళ్ళ పేర్లు చరిత్ర రాసుకోలేదు, కనీసం వాళ్ళ పనితనానికైనా చోటివ్వండి.