ముక్కు పైకి, నడుము కిందికి

"సిట్, సిట్" అని పదిసార్లు అరిచి, ఆనక కుక్కపిల్ల నడ్డిమీద చెయ్యేసి కిందికి నొక్కే యజమానులు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ కనిపిస్తారు. నొక్కితే ఎదురు నెట్టడం కుక్క స్వభావం. అందుకే పిల్ల కూర్చున్నట్టే కూర్చుని చెయ్యి తియ్యగానే లేచిపోతుంది. పని తెలిసిన శిక్షకుడు ఇదే విద్య నేర్పుతుంటే ఓసారి దగ్గర్నుంచి చూడండి. అతను మాట్లాడడు, పిల్లని ముట్టుకోడు కూడా.

ఉడికించిన కోడిమాంసం ముక్క, శనగగింజంత, అతని బొటనవేలికీ రెండు వేళ్లకీ మధ్య ఉంటుంది. దాన్ని పిల్ల ముక్కుకి దాదాపు ఆనించి, అక్కణ్ణుంచి నెమ్మదిగా పైకీ కాస్త వెనక్కీ, రెండు చెవుల నడుమగా జరుపుతాడు. వాసన వెంట ముక్కు లేస్తుంది. ముక్కు లేస్తే మెడ వెనక్కి వాలుతుంది, మెడ వాలితే బరువు ముందుకాళ్ల మీంచి వెనక కాళ్లమీదికి జారుతుంది. అలా తల ఎత్తి నిలబడటం కన్నా కూర్చోవడమే సుఖం కాబట్టి పిల్ల కూర్చుంటుంది. చెయ్యి మరీ ఎత్తుకి పోతే ముందుకాళ్లు గాల్లోకి లేపి ఎగురుతుంది. మరీ వేగంగా వెనక్కి పోతే పిల్ల కూడా వెనక్కి నడుస్తుంది. అలా నడిచే పిల్లకి ఇంకో ఉపాయం ఉంది: దాని వెనక గోడ ఉండేలా మూలలో నిలబెడితే సరి, వెనక్కి పోయే దారి ఉండదు.

కూర్చుంది. ఇప్పుడు ముక్క ఇవ్వాలి. కానీ చెయ్యి నోటిదాకా వెళ్లేలోపు పిల్ల లేచి నిలబడితే, దాని లెక్కలో ఆ ముక్క లేచినందుకు దక్కినట్టే. ఈ చిక్కుని విప్పేదే క్లిక్కర్. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బీ, లోపల వంచిన చిన్న రేకు. నొక్కితే టిక్ మంటుంది. ముందు ఏ పనీ అడక్కుండా టిక్ వినిపించి ముక్క పెడతారు, మళ్లీ టిక్, మళ్లీ ముక్క. కాసేపటికి శబ్దం వినగానే పిల్ల తల తిప్పి చేతికేసి చూస్తుంది. ఇక ఆ శబ్దం పని చేస్తుంది. పిర్రలు నేలకి తాకిన క్షణంలో టిక్ మంటే చాలు, ముక్క రెండు సెకన్లు ఆలస్యమైనా నష్టం లేదు. ఏ పనికి కూలి ముట్టిందో పిల్లకి తెలిసిపోయింది. 1940లలో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ శిష్యులు మేరియన్, కెల్లర్ బ్రెలాండ్ దంపతులు జంతు శిక్షణని వృత్తిగా పెట్టుకుని ఇలాంటి శబ్దాలనే వాడారు. డాల్ఫిన్లకి విజిల్‌తో నేర్పిన కేరెన్ ప్రయర్ లాంటివాళ్ల వల్ల ఆ పద్ధతి తర్వాత మామూలు ఇళ్లకి చేరింది. నీళ్లలో ఈదే జంతువుకి తాడు కట్టలేం, చెయ్యేసి నొక్కనూ లేం. సరైన క్షణాన్ని పట్టుకోవడం తప్ప అక్కడ వేరే దారి లేదు.

ఆ క్షణాన్ని పట్టుకోవడం మనిషి నేర్చుకోవాల్సిన విద్య. కెల్లర్ పోయాక మేరియన్ పెళ్లాడిన బాబ్ బెయిలీ, ఆమెతో కలిసి కుక్కల శిక్షకులకి తరగతులు నడిపేవాడు. విద్యార్థుల చేతికి కుక్కల్ని కాదు, కోళ్లని ఇచ్చేవారు! కోడి మెడ ఎంత చురుగ్గా కదులుతుందో తెలిసిందే. టిక్ ఏమాత్రం ఆలస్యమైనా అది పొడవాల్సిన చోటు దాటి ఇంకో చోట పొడిచేస్తుంది. పైగా కోడి మొహమాటానికి పని చెయ్యదు. తప్పు ఎవరిదో అక్కడికక్కడే తేలిపోతుంది.

తర్వాతి మెట్టు ఎరని తీసెయ్యడం. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. నాలుగైదుసార్లు ముక్కతో కూర్చోబెట్టాక అదే చెయ్యి, అదే కదలిక, కానీ ఖాళీ చెయ్యి. కూర్చోగానే టిక్, ముక్క రెండో చేతిలోంచి వస్తుంది. రోజులు గడిచేకొద్దీ కదలిక చిన్నదై మణికట్టు తిప్పడం దగ్గరికి వస్తుంది. అప్పుడు గానీ "సిట్" అన్న మాట నోట్లోంచి రాదు. అదీ సైగకి ముందు: మాట, ఒక క్షణం విరామం, ఆపైన సైగ. రెండూ ఒకేసారి వస్తే పిల్ల సైగనే చూస్తుంది, మాటని వదిలేస్తుంది. మాట ముందు వస్తే, రాబోయే సైగని పసిగట్టి ముందే కూర్చుంటుంది.

ఇంత నేర్పూ పిల్ల మనిషిని నమ్మితేనే పనికొస్తుంది. ఆ నమ్మకం కుదిరే కాలం చిన్నది. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కపిల్లల ఎదుగుదలని గమనించి 1965లో పుస్తకం వేశారు. వాళ్ల లెక్కలో 3వ వారం నుంచి 12వ వారం దాకా మెదడు తలుపు తెరిచి ఉంటుంది. అక్కడే జరిగిన ఒక ప్రయోగంలో మనిషి తాకిడి లేకుండా కంచె లోపల 14 వారాలు పెరిగిన పిల్లలు, ఆ తర్వాత ఎంత బుజ్జగించినా దాదాపు అడవి జంతువుల్లాగే ఉండిపోయాయి. అలాగని మరీ ముందే తెచ్చుకోకూడదు. తోబుట్టువుని గట్టిగా కరిస్తే అది కుయ్యిమని ఆట మానేస్తుంది. పంటి బలం ఎంత వాడాలో పిల్లకి నేర్పేది ఆ కుయ్యే. మన దేశంలో 2017 నాటి నిబంధనలు 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదన్నది ఇందుకు సరిగ్గా సరిపోతుంది.

ఈతలో ఒక్క పిల్లని ఎంచుకునేటప్పుడు అనుభవజ్ఞులు ముందు తల్లిని చూస్తారు. కొత్తవాళ్లని చూసి తల్లి బెదిరితే పిల్లల ముద్దుమొహాలు చూసి మోసపోరు. తర్వాత కళ్లలో ఊసులు, చిగుళ్ల రంగు, నులిపురుగులతో ఉబ్బిన పొట్ట, తోక కింద శుభ్రత. ఆపైన చిన్న పరీక్షలు: కూర్చుని చప్పట్లు కొడితే వస్తుందా, కాస్త దూరంలో స్టీలు గిన్నె పడేస్తే ఏం చేస్తుంది? ఉలిక్కిపడటం తప్పు కాదు. ఉలిక్కిపడ్డాక ఎంతసేపటికి తేరుకుని గిన్నెని వాసన చూడటానికి వస్తుందన్నదే చూడాల్సింది. జాక్, వెండీ వోల్‌హార్డ్ దంపతులు ఇలాంటి పరీక్షలు పది కూర్చి, 49వ రోజున చెయ్యమన్నారు. ఇవి పెద్దయ్యాక వచ్చే బుద్ధిని కచ్చితంగా చెప్పవు. పని ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం చెబుతాయి, నా దృష్టిలో అదే పెద్ద సాయం.

ఇంటికొచ్చాక ఒక పేచీ. తలుపు తెరిచి ఉండే వారాలూ, పార్వో అనే జబ్బుకి వేసే టీకాలు పూర్తికాని వారాలూ ఒకటే. వీధిలో దించితే జబ్బు భయం, దించకపోతే లోకం తెలియదు. దీనికి పరిష్కారం ఎత్తుకుని తిప్పడం. పాదం నేలకి తగలకుండా చంకలోంచే ఆటోలూ, హెల్మెట్ మనుషులూ, ఊతకర్ర తాతలూ, కూరగాయల బండి కేకా అన్నీ చూపిస్తారు, ఒక్కో దృశ్యానికీ ఒక్కో ముక్క.

ఉచ్చ సంగతిలో నేర్పంతా గడియారానిదే. నిద్ర లేచాక, తిన్నాక, ఆడాక వెంటనే బయటికి. పని అయిన చోటే బహుమతి, లోపలికొచ్చాక కాదు. ఇంట్లో పోసినందుకు కొడితే పిల్ల నేర్చుకునేది ఒక్కటే: మనిషి చూస్తుండగా పొయ్యకూడదని. మర్నాటి నుంచి సోఫా వెనక పోస్తుంది.

దీపావళికి వాడే పద్ధతి చూస్తే ఈ సూత్రాలన్నీ ఒకచోట చేరతాయి. పండక్కి నెలల ముందే టపాకాయల రికార్డింగ్‌ని ఫోన్‌లో వినీవినపడనంత సన్నగా పెడతారు, అదీ అన్నం గిన్నె ముందున్నప్పుడే. పిల్ల తినడం ఆపకపోతే కొన్నాళ్లకి ఒక్క మెట్టు పెంచుతారు. చెవి వెనక్కి పోయినా, నములుతున్నది ఆగినా ఆ రోజుకి శబ్దం కట్టేసి, మర్నాడు అంతకంటే కింది మెట్టు నుంచి మొదలుపెడతారు.