చెక్కల మోత, ఫోను కొలత

‘‘అన్నా, పక్కూరోళ్ల పాట ఫోన్లో గట్టిగా మోగతాంది. మనది కూడా అంత మోగాల.’’ ఇంట్లో పాట రికార్డు చేసి నా దగ్గరికి ఫైలు పట్టుకొచ్చే పిల్లలు మొదట అడిగేది ఇదే. మార్కాపురం వాళ్లయినా, కంభం, గిద్దలూరు వాళ్లయినా, భజన పాటయినా, క్రిస్మస్ పాటయినా కోరిక ఒకటే. ఆ కోరికలో తప్పేమీ లేదు. తిరునాళ్లలో ఎవరి సౌండ్ బాక్సులు దద్దరిల్లితే జనం అటే పోవడం చూస్తూ పెరిగినవాళ్లం. కానీ ఫోన్లో ఆ లెక్క నడవదు. చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

స్పాటిఫై, యూట్యూబ్, ఆపిల్ మ్యూజిక్ ఏదైనా సరే, మనం పాట ఎక్కించగానే అది మొత్తం మీద ఎంత గట్టిగా ఉందో కొలుస్తుంది. ఆ కొలతను లఫ్స్ అంటారు. దీనికి మూలం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో తెచ్చిన ప్రమాణం. 2010లో యూరప్ ప్రసార సంస్థలు దాన్ని ఆధారం చేసుకుని టీవీ, రేడియోలకు మైనస్ 23 అని గీత గీసుకున్నాయి. పాటలు వినిపించే ఈ కంపెనీలు అంతకన్నా పైన పెట్టుకున్నాయి. స్పాటిఫై మామూలు సెట్టింగులో మైనస్ 14, ఆపిల్ సౌండ్ చెక్ మైనస్ 16, యూట్యూబ్ దాదాపు మైనస్ 14. అంతకు మించి మోగే పాటను అవే తగ్గించి వినిపిస్తాయి.

నమ్మకం కుదరకపోతే కంప్యూటర్లో యూట్యూబ్ తెరిచి, పాట నడుస్తుండగా వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ నొక్కండి. అందులో వాల్యూమ్ అని ఒక వరస ఉంటుంది. పక్కూరోళ్ల పాటను అలా తెరిచి చూపిస్తే, ‘100 శాతం / 50 శాతం’ అని, చివర ‘కంటెంట్ లౌడ్‌నెస్ 6 డీబీ’ అని కనబడింది. అంటే వాళ్లు లిమిటర్‌తో, అంటే ఎత్తుగా లేచిన దెబ్బల్ని నొక్కిపెట్టే పనిముట్టుతో, తొక్కి తొక్కి 6 డెసిబెల్స్ పెంచుకొస్తే, యూట్యూబ్ ఆ 6నూ తీసేసి సగానికి దించి వినిపిస్తోంది. పెంచిన మోత పోయింది. తొక్కినప్పుడు నలిగిన డోలక్ దెబ్బ మాత్రం నలిగినట్టే మిగిలింది. పెద్ద పెద్ద స్టూడియోల వాళ్లూ ఈ పోటీలో పడ్డారు. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ వచ్చినప్పుడు, సీడీలో మోత కోసం పాటల్ని నలిపేశారని అభిమానులే గోల చేశారు. అవే పాటలు వీడియో గేములో మెరుగ్గా ఉన్నాయని అక్కడి నుంచి తీసుకుని విన్నారు.

కీబోర్డు ట్రాకు మీద పాడిన పాటకు మైనస్ 14 తెచ్చుకోవడం ఏమంత కష్టం కాదు. అసలు పరీక్ష చెక్కభజన. మా మార్కాపురం వైపు పల్లెల్లో గురువు పల్లవి ఎత్తుకుంటే చుట్టూ నిలబడ్డవాళ్లు వంత పాడుతూ చెక్కలు కొడతారు. హార్మోనియం, డోలక్, తాళాలు కింద నడుస్తుంటాయి. కంప్యూటర్లో చూస్తే పాటంతా సన్నటి పట్టీలా ఉండి, ప్రతి చెక్క దెబ్బ దగ్గరా సూదిలా గీత లేస్తుంది. సగటు మైనస్ 20 దగ్గర ఉంటే సూదుల మొనలు మైనస్ 3ని అంటుతుంటాయి. ఇలాంటి పాటను మైనస్ 10కి తోయాలని చూస్తే ముందు తెగేవి ఆ మొనలే. చెక్కల్లోని గజ్జెల గలగల పోయి చప్పట్ల చప్పుడు మిగులుతుంది. అంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. లిమిటర్ విడుపు సమయం (రిలీజ్) సరిగా పెట్టకపోతే ప్రతి దెబ్బకూ హార్మోనియం మోత కుంగి మళ్లీ లేస్తుంది. గురువు గొంతు కూడా దాంతోపాటే ఊగుతుంది. ఒకసారి అది చెవిన పడితే ఇక పాట వినలేం.

మరి పాటను తొక్కకుండా ఆ మైనస్ 20 దగ్గరే వదిలేస్తే ఏమవుతుంది? స్పాటిఫై మెల్లగా ఉన్న పాటను పెంచుతుంది గానీ, మొనలకూ సున్నా దగ్గరుండే పైకప్పుకూ మధ్య 1 డెసిబెల్ ఖాళీ ఉంచేంత వరకే. మొన మైనస్ 3 దగ్గర ఉంటే అది పెంచగలిగేది 2 మాత్రమే. పాట మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది. యూట్యూబ్ అసలు పెంచనే పెంచదు. అందుకని మొనల్లో ఓ 3 డెసిబెల్స్ తగ్గించి, పాటను మైనస్ 15, 16 మధ్య నిలబెట్టి, మొనల అసలు ఎత్తు (ట్రూ పీక్) మైనస్ 1 దాటకుండా పంపడం నాకు సరిపోయింది. ఆ 1 కూడా ఊరికే కాదు. మన వేవ్ ఫైలును వాళ్లు కుదించేటప్పుడు మొనలు కాస్త పైకి లేస్తాయి, చోటు లేకపోతే అక్కడ చిటపట మొదలవుతుంది.

ఆ 3 డెసిబెల్స్ కూడా లిమిటర్‌కు అప్పజెప్పకుండా మైకు దగ్గరే తగ్గించుకోవడం మేలు. చెక్కలవాళ్లను రెండడుగులు వెనక్కి జరిపితే సగం పని అయిపోతుంది. మిగతాది, మరీ లేచిన దెబ్బల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని చేత్తో దించాలి. ఓపిక కావాలి, కానీ పాట బతికేది అక్కడే. కొలవడానికి డబ్బులు పెట్టనక్కర్లేదు. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఉంది, యూలీన్ మీటరు ఉచితంగానే దొరుకుతుంది.

కొలత గురించి ఇంకో మాట. అది మన చెవిలాగే వినాలని తయారుచేసింది కాబట్టి డప్పులోని లోతు గుమ్మును తక్కువగా, గజ్జెల్లాంటి పదునైన శబ్దాన్ని ఎక్కువగా లెక్కేస్తుంది. పాట సగటుకు 10 కన్నా కిందికి పోయిన మెల్లటి చోట్లను లెక్కలోకే తీసుకోదు. గురువు కళ్లు మూసుకుని తీసే మొదటి రాగాన్ని పైకి లాగాలని చాలామంది తొందరపడతారు. వద్దు. అది మెల్లగా ఉన్నంత మాత్రాన మీ పాటకు మార్కులు తగ్గవు.

ఇంట్లో రికార్డింగుకు మా దగ్గర ప్రధాన శత్రువు గది. కింద నాపరాళ్లు, చుట్టూ సున్నపు గోడలు, పైన ఫ్యాను. ఎండాకాలంలో అది ఆపితే కూర్చోలేం. పలకల కోత మిషన్లు దగ్గరుంటే పగలు మైకే తెరవలేం. పాటను 6 డెసిబెల్స్ పెంచితే గది ఖంగుమనడం, ఫ్యాను గాలి కూడా 6 పెరుగుతాయి. అందుకే తెల్లవారుజామున, మంచాల మీద, గోడల మీద బొంతలు కప్పి పాడించమంటాను. ఖరీదైన మైకు కన్నా ఆ బొంతలే ఎక్కువ పని చేస్తాయి.

పాట వినేది ఎక్కువమంది ఫోను స్పీకర్లోనే. అందులో డోలక్ ఎడమ వైపు గుమ్ము దాదాపు వినిపించదు. పాట పలచగా ఉందనిపించేది అందువల్లే, మోత చాలక కాదు. కుడి వైపు వేళ్ల దెబ్బను, గుమ్ముకు పైన ఉండే కొయ్య శబ్దాన్ని కాస్త ముందుకు తెస్తే చిన్న స్పీకర్లో కూడా డోలక్ నిలబడుతుంది. పక్కూరోళ్లదానికీ మనదానికీ తేడా అక్కడ తేలిపోతుంది.

చివరగా, లిమిటర్ వేయకముందు ఫైలును 24 బిట్ వేవ్‌గా రెండు డిస్కుల్లో దాచండి. ఊరి పేరు, పాడినవాళ్ల పేర్లు, తేదీ రాసి పెట్టండి. స్పాటిఫై గీత 2017కు ముందు ఇప్పటికన్నా పైన ఉండేది, తర్వాత మైనస్ 14కు దిగింది. రేపు ఇంకో అంకె రావచ్చు. అప్పుడు ఆ ఫైలు తెరిచి మళ్లీ మాస్టరింగ్ చేసుకోవచ్చు. నలిపేసిన ఎంపీ3 ఒక్కటే మిగిలితే మాత్రం గురువును, చెక్కలవాళ్లను అందరినీ మళ్లీ పిలిపించి పాడించుకోవాల్సిందే.