నొక్కగానే కదలాలి, బరువుగా కదలాలి

1985లో, కాలేజీ చదువు అప్పుడే ముగించిన జోర్డాన్ మెక్నర్ అనే అమెరికన్ కుర్రాడు తన తమ్ముడు డేవిడ్‌ని ఒక కార్ల పార్కింగ్ స్థలానికి తీసుకెళ్లి, పరుగెత్తించి, దూకించి వీడియో తీశాడు. ఆ వీడియోను టీవీలో ఆపి ఆపి నడిపిస్తూ, తెరమీది బొమ్మను స్టిల్ కెమెరాతో ఫొటోలు తీశాడు. ఫొటోల్లో మనిషి ఆకారం చుట్టూ మార్కరుతో గీసి, వాటిని ఆపిల్ టూ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. 1989లో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ విడుదలైనప్పుడు ఆడినవాళ్లు నివ్వెరపోయారు. అప్పటిదాకా గేముల్లో బొమ్మలు చాలావరకు జరిగేవి, అంతే. ఈ రాకుమారుడు ఒంట్లో ఎముకలున్నవాడిలా పరుగెత్తాడు, గోడ అంచు పట్టుకుని వేలాడాడు, ఒళ్లు ఈడ్చుకుంటూ పైకి ఎగబాకాడు.

అయితే ఆ అందం ఊరికే రాలేదు. పరుగులో ఉన్న రాకుమారుణ్ణి వెనక్కి తిప్పబోతే వెంటనే తిరగడు. జారుతూ ఆగి, ఒళ్లు తిప్పుకుని, అప్పుడు అడుగేస్తాడు. నిజమైన మనిషీ అంతే చేస్తాడు. కానీ మీట నొక్కినవాడికి అంత ఓపిక ఉండదు. ముందర ముళ్ల గొయ్యి ఉన్నప్పుడు అసలే ఉండదు. మెక్నర్ ఆట మొత్తాన్ని ఆ నెమ్మదికి తగ్గట్టు కట్టాడు కాబట్టి చెల్లింది. ఒంటికి బరువుండాలన్న కోరికకూ, నొక్కగానే కదలాలన్న కోరికకూ మధ్య పేచీ మాత్రం ఇప్పటికీ తెగలేదు. వీడియో గేముల కోసం త్రీడీ పాత్రల్ని కదిలించడం నేర్చుకునేవాళ్లు నిజంగా నేర్చుకునేది ఆ పేచీని సర్దుబాటు చేసే పద్ధతులనే.

సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఇందులో చిన్న భాగం. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సుల బోర్డులు సాఫ్ట్‌వేర్ పేర్లు చెప్పే పిలుస్తాయి. చేరిన కుర్రాళ్లు నెల తిరక్కుండానే కత్తి తిప్పే వీరుణ్ణి చేయాలని తొందరపడతారు. బంతి ఎగిరించే అభ్యాసం వాళ్లకు విసుగు. నా లెక్కలో సగం చదువు ఆ బంతి దగ్గరే ఉంది. రబ్బరు బంతి, క్రికెట్ బంతి, నీళ్లు నింపిన బెలూన్, మూడూ కంప్యూటర్‌లో ఒకే గుండ్రటి బొమ్మ. నేలను తాకాక ఎన్ని ఫ్రేములకు లేచింది, ఎంత ఎత్తు లేచింది, ఎంత త్వరగా సద్దుమణిగింది అన్నదాన్నిబట్టే ఏది ఏదో తెలియాలి. డిస్నీ స్టూడియోలో దశాబ్దాలు పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ ఇలాంటి అనుభవసారాన్ని 1981లో 12 సూత్రాలుగా పుస్తకంలో పెట్టారు. పిక్సార్‌కు చెందిన జాన్ లాసెటర్ 1987లో, ఆ సూత్రాలు త్రీడీకి ఎలా వర్తిస్తాయో ఒక పత్రంలో వివరించాడు. గేముల వాళ్లు మాత్రం అందులో కొన్నింటిని తలకిందులు చేసుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు బొమ్మ లోపల ఏముందో చూడాలి. 1996లో వచ్చిన ‘క్వేక్’లో రాక్షసుల లోపల ఏమీ లేదు. సెకనుకు 10 చొప్పున శరీరం పైపొర ఆకారాన్ని మొత్తంగా భద్రపరిచి, ఒకదాని తర్వాత ఒకటి చూపించేవారు. ఆ కదలికలోని కుదుపు అందుకే. రెండేళ్ల తర్వాత వచ్చిన ‘హాఫ్ లైఫ్’ పాత్రల లోపల అస్థిపంజరం ఉంది. కటి దగ్గర మొదలై వెన్ను, భుజం, మోచేయి, మణికట్టు అంటూ సాగే బోన్‌ల వరుస అది. భుజం బోన్ తిప్పితే చెయ్యంతా దాని వెంట వస్తుంది. చర్మంలో ప్రతి బిందువూ ఏ బోన్ మాట ఎంత వినాలో తెర మీద రంగు పూసి చెప్తారు. మోచేయి మడిస్తే లోపలివైపు నలిగిపోకుండా, చెయ్యెత్తితే చంక కుంగిపోకుండా ఆ పూతను సరిచేయడంలోనే రిగ్గింగ్, అంటే బొమ్మకు ఈ అస్థిపంజరం అమర్చే పని, చేసేవాళ్ల కాలం చాలా గడిచిపోతుంది. కొత్తవాళ్లు మొదటి ఏడాది ఆ పని జోలికి పోకపోవడమే మంచిది. ఉచితంగా దొరికే మంచి రిగ్‌లు కావలసినన్ని ఉన్నాయి. ఒక్క తేడా మాత్రం మొదట్లోనే తెలియాలి. ఊగే చేతిని భుజం నుంచి కిందికి ఒక్కో కీలూ తిప్పుకుంటూ కదిలిస్తారు, అది ఎఫ్‌కే. నేలమీద ఆనిన పాదానికి అలా చేస్తే నడుము కాస్త కదిలినా పాదం జారిపోతుంది. అందుకని పాదాన్ని నేలకు కట్టేసి, మోకాలు ఎంత మడవాలన్న లెక్కను కంప్యూటర్‌కు వదిలేస్తారు, అది ఐకే.

ఇక బరువు. గ్యాస్ సిలిండర్ ఎత్తడాన్ని మించిన అభ్యాసం నాకు తెలిసి లేదు. ఇంటి సిలిండర్‌లో గ్యాసు 14.2 కిలోలు, ఇనుము దాదాపు అంతే. నిండుదీ ఖాళీదీ చూపుకు ఒకటే. ఖాళీదాన్ని ఎత్తేవాడి చెయ్యి ముందు కదులుతుంది, ఒళ్లు వెనక వస్తుంది. నిండుదాన్ని ఎత్తేవాడు ముందు పాదాలు ఎడంగా పెడతాడు, నడుము దించుతాడు, సిలిండర్‌ను ఒంటికి దగ్గరగా లాక్కుంటాడు. చేతులు బిగుస్తాయి, భుజాలు సాగుతాయి, సిలిండర్ మాత్రం ఇంకా లేవదు. ఆ కొద్ది ఫ్రేముల ఆలస్యంలోనే బరువంతా ఉంది. లేచాక ఒళ్లు ఒక పక్కకు ఒరిగి, ఖాళీ చెయ్యి తూకం కోసం రెండో పక్కకు లేస్తుంది. డెలివరీ కుర్రాడైతే వీలున్నంతవరకు ఎత్తనే ఎత్తడు, అంచు మీద వంచి దొర్లిస్తాడు. ఇదంతా ఫోన్‌లో తీసుకుని ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ చూడాలి. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా రిఫరెన్స్ వీడియో పక్కన పెట్టుకునే పని మొదలుపెడతారు. దాన్ని కాపీ కొట్టడంగా చూసే కుర్రాళ్లే ఆఖరికి ప్రాణంలేని బొమ్మలు చేస్తారు.

వీడియో చూశాక ముఖ్యమైన భంగిమల్ని మాత్రమే పెడతారు. ఇది బ్లాకింగ్. బొమ్మ ఒక భంగిమ నుంచి ఇంకోదానికి టక్కున గెంతుతుంది, అయినా ఏం జరుగుతోందో అప్పటికే అర్థమవ్వాలి. తర్వాత మధ్య ఖాళీల్ని కంప్యూటర్‌తో నింపించగానే అంతదాకా బాగున్న పని మెత్తబడిపోతుంది. అన్ని కీళ్లూ ఒకేసారి మెల్లగా బయల్దేరి, ఒకేసారి మెల్లగా ఆగుతాయి. బరువంతా ఆవిరైపోతుంది. చాలామంది ఇక్కడే నీరుగారిపోతారు. కదలికను గీతలుగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో గీతల వంపుల్ని సరిచేస్తూ, నడుము ముందు, ఛాతీ రెండు ఫ్రేముల తర్వాత, తల ఇంకో రెండు ఫ్రేముల తర్వాత కదిలేలా జరుపుకుంటూ పోవాలి. దీనికి దగ్గరిదారి లేదు.

నడకకు నాలుగు భంగిమలంటారు. మడమ నేలను తాకేది, ఒళ్లు కిందికి దిగేది, ఒక కాలు రెండోదాన్ని దాటేది, ఒళ్లు పైకి లేచేది. గేములో ఆ నడక అందంగా ఉంటే చాలదు, నేల లెక్కతో కలవాలి. సెకనుకు 30 ఫ్రేములనుకోండి. 32 ఫ్రేముల్లో రెండు అడుగులు పడి, ఒక్కో అడుగు 75 సెంటీమీటర్లయితే వేగం సెకనుకు సుమారు 1.4 మీటర్లు. ప్రోగ్రామరు అదే పాత్రను సెకనుకు 2 మీటర్ల చొప్పున జరిపాడా, పాదాలు నేలమీద జారతాయి. ఎంత వేగంగా జరగాలో యానిమేషన్‌నే చెప్పనిస్తే పాదం చక్కగా ఆనుతుంది గానీ, కంట్రోలర్ స్టిక్ పట్టుకున్నవాడి మాట కాస్త ఆలస్యంగా చెల్లుతుంది. 1996లో వచ్చిన ‘సూపర్ మారియో 64’ వేలి మాటకే ఓటేసింది. స్టిక్‌ను కొద్దిగా వంచితే మారియో మునివేళ్ల మీద నడుస్తాడు, ఇంకాస్త వంచితే మామూలు నడక, పూర్తిగా వంచితే పరుగు. ఇప్పటి గేమ్ ఇంజిన్లలో నడకనూ పరుగునూ ఇలా కలపాలంటే రెండింటిలోనూ ఎడమ మడమ నేలను తాకేది చక్రంలో ఒకే చోట పడాలి. అది తప్పితే, కలిపిన చోట కాళ్లు ఒకదాన్నొకటి కోసుకుపోతాయి.

దెబ్బ దగ్గరికి వచ్చేసరికి పేచీ ముదురుతుంది. పాత సూత్రం ప్రకారం గుద్దేముందు చెయ్యి వెనక్కి వెళ్లాలి. ఎంత వెనక్కి వెళ్తే దెబ్బ అంత గట్టిదని చూసేవాళ్లకు తోస్తుంది. కార్టూన్ సినిమాలో దానికి అర సెకను వాడుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆటలో అర సెకనంటే, సెకనుకు 60 ఫ్రేముల లెక్కన, 30 ఫ్రేములు. బటన్ నొక్కినవాడికి అంతసేపూ తన పాత్ర మొండికేసినట్టే ఉంటుంది. ఫైటింగ్ గేముల్లో తేలికపాటి గుద్దు నాలుగైదు ఫ్రేముల్లోనే తగిలేస్తుంది. అందులో చెయ్యి వెనక్కి లాగే వ్యవధి ఎక్కడిది? అందుకని ఆ సన్నాహాన్ని ఒకటి రెండు ఫ్రేములకు కుదించి, భుజం తిప్పి నడుము మెలేసిన ఒక్క బలమైన భంగిమ అక్కడ పెడతారు. మిగతా బరువునంతా దెబ్బ తర్వాతికి నెడతారు. తగిలిన క్షణంలో కొట్టినవాణ్ణీ తిన్నవాణ్ణీ కొన్ని ఫ్రేములు బిగబట్టి ఆపుతారు. హిట్‌స్టాప్ అంటారు దీన్ని. ఆగినట్టు కంటికి తెలియదు, గట్టిగా తగిలినట్టు మాత్రం తెలుస్తుంది. ఆపైన కొట్టినవాడు తన ఊపుకు తానే తూలి, కాలు నిలదొక్కుకుని, నెమ్మదిగా మామూలవుతాడు. చేతిలో ఉన్నది గదా చురకత్తా అన్నది ఆ తూలడమే చెప్తుంది. అక్కడ కూడా ఆటగాడికి దారి వదలాలి. ఫలానా ఫ్రేము దాటాక స్టిక్ కదిపితే మిగతాది తెంపేసి పరుగులో కలిపేయాలి. రోజులు పెట్టి చేసిన ఆ చివరి భాగాన్ని చాలామంది చూడనే చూడరు. సినిమా నుంచి వచ్చిన యానిమేటర్లకు మొదట మింగుడుపడనిది ఇదే.

శత్రువు విషయంలో లెక్క తిరగబడుతుంది. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి సుమారు పావు సెకను, అంటే 15 ఫ్రేములు పడుతుంది. అంతకంటే తక్కువ సన్నాహంతో రాక్షసుడు కొడితే తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు, ఆట అన్యాయంగా తోస్తుంది. 2011 నాటి ‘డార్క్ సోల్స్’లో శత్రువులు ఆయుధాన్ని అంతలా ఎత్తి చూపించి మరీ కొట్టేది అందుకే. అదే స్టూడియో 2022లో చేసిన ‘ఎల్డెన్ రింగ్’లో మార్గిట్ అనే ముసలి రాక్షసుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. కర్ర ఎత్తి గాల్లోనే నిలిపి ఉంచుతాడు. కర్ర లేవగానే బెదిరి పక్కకు పొర్లినవాడు పొర్లి లేచేసరికి సరిగ్గా అప్పుడు దించుతాడు. ఆటగాడి కంగారును ఫ్రేముల్లో కొలిచి చేసిన యానిమేషన్ అది. నన్నడిగితే ఈ కళలో అంతటి చమత్కారం అరుదు.

కెమెరా గురించి రెండు మాటలు. సినిమాలో షాట్‌కు కనిపించే వైపు బాగుంటే సరిపోతుంది. ఆటలో కెమెరా కూడా ఆటగాడి చేతిలోనే ఉంటుంది కాబట్టి వీపువైపు నుంచి కూడా భంగిమ చదవగలిగేలా ఉండాలి. పని కోసం చూపించే డెమో రీల్‌లో ఒకే కోణం చూపిస్తే స్టూడియోల వాళ్లకు అనుమానం వచ్చేది అందుకే. దీనికి అందమైన మినహాయింపు 2014లో జపాన్‌కు చెందిన ఆర్క్ సిస్టమ్ వర్క్స్ చేసిన ‘గిల్టీ గేర్ ఎగ్జర్డ్’. ఆటను చాలావరకు పక్కనుంచే చూపిస్తారు. మధ్య ఫ్రేముల్ని కంప్యూటర్‌తో నింపించకుండా ఒక్కో భంగిమనూ చేత్తో దిద్ది, కొన్ని ఫ్రేములు అలాగే నిలిపి ఉంచారు. త్రీడీ బొమ్మలు చేత్తో గీసిన కార్టూన్లలా కనిపిస్తాయి.

నటుడి కదలికల్ని నేరుగా రికార్డు చేసే మోకాప్ ఉండగా ఈ తిప్పలన్నీ ఎందుకని అడుగుతారు. నటుడు కత్తి ఎత్తి కొట్టడానికి తనకు కావలసినంత సమయం తీసుకుంటాడు. ఆ ముందు ఫ్రేముల్ని కోసి, భంగిమల్ని బలపరచడం మళ్లీ యానిమేటరు పనే. 2017లో యూబీసాఫ్ట్ ‘ఫర్ ఆనర్’లో వాడిన మోషన్ మ్యాచింగ్ పద్ధతిలో, పాత్ర ఇప్పుడున్న భంగిమకూ ఆటగాడు వెళ్లాలనుకునే దారికీ అన్నిటికంటే దగ్గరగా ఉన్న ముక్కను మోకాప్ రాశిలోంచి కంప్యూటరే క్షణక్షణం ఏరుకుంటుంది. దానికైనా నటుడిచేత ఏమేం చేయించాలో, ఎన్ని రకాల మలుపులు తిప్పించాలో ముందే తెలిసి ఉండాలి. రాశిలో లేని కదలికను అది పుట్టించలేదు.

మన ఒళ్ల కదలికలు ఆ రాశుల్లో దొరకడం కష్టం. తుపాకీ పట్టుకుని నక్కి నడిచే నడకలు ఎన్నయినా దొరుకుతాయి. బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతులు ఆనించకుండా లేచే మనిషి కోసం వెతికి చూడండి. చీర కుచ్చిళ్ల వల్ల కురచబడిన అడుగు, ఎగ్గట్టిన పంచెతో వేసే అంగ, ఇవి మనమే చేసుకోవాలి. అవి చేయడానికి హైదరాబాద్‌లో చేతులకు కొదవ లేదు. ‘లైఫ్ ఆఫ్ పై’కి ఎఫెక్ట్స్ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ శాఖ ఇక్కడ ఉండేది, ‘ఛోటా భీమ్’ ఇక్కడే పుట్టింది.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచితమే కాబట్టి ఎవరైనా చేసి చూడదగ్గది ఒకటి ఉంది. నిండు బిందె చంకనెత్తుకుని నడిచే మనిషి. కటి బిందె వైపు తోసుకొస్తుంది, వెన్ను రెండోవైపు వంగుతుంది, ఖాళీ చెయ్యి ఒంటికి దూరంగా ఊగుతుంది, నీళ్లు తొణక్కుండా తల, భుజాలు ఒకే ఎత్తులో సాగుతాయి. నడక అయ్యాక ఆగడం, బిందె వైపు మలుపు, రెండోవైపు మలుపు, బిందె దించడం విడివిడిగా చేయాలి. చేశాక ఇంజిన్‌లో పెట్టి పరుగు బటన్ నొక్కి చూడాలి. బిందె నెమ్మదిగా దించి పరుగెత్తితే ఆటగాడు విసుక్కుంటాడు, గిరాటేస్తే ఆ మనిషి మనిషిలా ఉండదు. నేనైతే దించడానికి 12 ఫ్రేములిచ్చి, కాసిని నీళ్లు ఒలకనిస్తాను.