మంజిష్ఠ నీళ్లలో శాలువా

నెల్లూరు సముద్రపు ఒడ్డున ఉన్ని బట్టతో పనేముంది? మార్గశిరంలో తెల్లవారుజామున మైపాడు గాలికి సైతం తలకో తువ్వాలు చుట్టుకుంటే చాలు. మన గొర్రె కూడా ఉన్ని గొర్రె కాదు. దేశంలోని ఎత్తయిన గొర్రెల్లో ఒకటని పేరున్న నెల్లూరు జాతికి, అది జోడిపి అయినా పల్ల అయినా, ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకలే. మాంసానికి పెంచుతారు తప్ప కత్తిరించడానికి అక్కడేమీ ఉండదు. గొంగడి కావాలంటే దక్కని గొర్రెలున్న తెలంగాణ, రాయలసీమ వైపు చూడాల్సిందే. అక్కడా నల్ల ఉన్నిని నల్లగానే నేసి చింతగింజల గంజి పెడతారు, రంగు జోలికి పోరు.

అయినా మన ఇళ్లలో శాలువాలకు కొదవ లేదు, సన్మానాల పుణ్యమా అని. వాటిలో ఉన్నివి ఎన్నో తెలుసుకోవడానికి ఒక అగ్గిపుల్ల చాలు. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. ఉన్ని అయితే కాలిన జుట్టు వాసన వస్తుంది, మసి వేళ్ల మధ్య నలిపితే పొడిపొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా అతుక్కుంటుంది. మా బీరువాలోని గౌరవాలన్నీ వరసగా పూసలై మిగిలాయి. ఎప్పుడో మా బావ కులూ నుంచి తెచ్చిన తెల్ల శాలువా ఒక్కటే జుట్టు వాసన వేసింది. అప్పటికే పసుపు తిరిగిపోయి ఎవరూ కప్పుకోవడం లేదు గనక దానికి ఎరుపు వేద్దామనుకున్నాను.

ఇందుకు కావలసిన సరుకంతా మూలికల కొట్లో దొరుకుతుంది. పావుకిలో శాలువాకి పాతిక గ్రాముల పటిక, శాలువా బరువంత మంజిష్ఠ. ముందుగా కుంకుడుకాయ రసంలో ఉతకాలి. చాకిరేవు చవుడు, బట్టల సోడా దగ్గరికి రానివ్వకూడదు, క్షారం ఉన్నిని తినేస్తుంది. తర్వాత గోరువెచ్చటి పటిక నీళ్లలో శాలువా వేసి, సన్నటి సెగ మీద గంటసేపు ఉంచి, ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. గిన్నె స్టీలుదై ఉండాలి, ఇనప బాణలి పెడితే ఎరుపు కాస్తా నల్లబడుతుంది. మంజిష్ఠని గుడ్డలో మూటకట్టి ముందు రాత్రే నానబెట్టుకోవాలి. ఆ నీళ్లలో శాలువా వేసి మళ్లీ సన్నసెగే. కుతకుత ఉడకనివ్వకూడదు, కర్రతో గిరగిరా తిప్పకూడదు. ఉన్ని పోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడి మీద రాపిడి తగిలితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని శాలువా కంబళి ముక్కలా బిగుసుకుపోతుంది. వేడి నీళ్లలోంచి తీసి చన్నీళ్లలో ముంచినా అదే గతి.

“ఏందిరా అబ్బయా, ఎవురికి కషాయం కాస్తుండావు?” అంది అక్క, వాకిట్లోకి వచ్చిన వాసనకి. గిన్నెలోకి తొంగిచూసి ఇంకేం మాట్లాడలేదు. తడి ఉన్ని కొస పైకెత్తితే గోధుమరంగు నీళ్లు కారిపోతున్నాయి, కింద పోగు మాత్రం ఇటుక ఎరుపు తిరిగి ఉంది. నీళ్లకి లేని ఎరుపు బట్టకి వచ్చింది. ఒక పోగు విడదీసి చూస్తే నడిమి దాకా రంగు దిగింది.

అదే నీళ్లలో పాత నూలు పంచె ముక్క ఒకటి వేశాను. దానికీ పటిక పెట్టాను, దాన్నీ అంతసేపే ఉంచాను. బయటికి తీసినప్పుడు గులాబీగా ఉన్నది, రెండు జాడింపులకే వెలిసిపోయి, మురికి పట్టిన గుడ్డలా తేలింది.

ఈ తేడా పోగు పుట్టుకలో ఉంది. ఉన్ని కెరటిన్ అనే ప్రోటీన్, మన జుట్టూ గోళ్లూ ఉన్నదీ దానితోనే. గోరింటాకు అరచేతిని ఎలా పట్టుకుంటుందో ఉన్నినీ అలాగే పట్టుకుంటుంది. ప్రోటీన్‌కి పటికనీ రంగునీ అంటిపెట్టుకునే గుణం సహజంగానే ఉంటుంది. నూలు మాత్రం సెల్యులోజు. రంగు వచ్చి కూర్చోవడానికి దానిలో పీట లేదు, మనమే వేయాలి. కరక్కాయలోని వగరు ఆ పీట.

ఇక్కడికొచ్చాక మన తీరం గొప్పతనం నాకు వేరే రకంగా కనిపించింది. కోరమండల్ ఎరుపుకి మూలం చిరివేరు అని చదువుకున్నాం. ఇసుక నేలల్లో నేలబారుగా పెరిగే చిన్న మొక్క, సన్నటి వేరు, రంగంతా ఆ వేరు బెరడులో. మంజిష్ఠదీ దీనిదీ ఒకే కుటుంబం. అందుకని ఆ ఘనతంతా వేరుకే, మన ఇసుకకే కట్టబెడుతూ వచ్చాం. కానీ ఎర్ర వేరు యూరప్‌కి కొత్త కాదు. అదే కుటుంబానికి చెందిన మాడర్ వాళ్ల పొలాల్లోనే పండేది, దానితో ఉన్నికి ఎరుపు వేయడం వాళ్లకి తరతరాలుగా తెలుసు. వాళ్లకి చేతకానిది, ఉతికినా పోని ఆ ఎరుపుని నూలు మీద నిలబెట్టడం. 1620ల్లో ఇంగ్లీషు కంపెనీ మన దుగరాజపట్నంలో కొట్టు తెరిచింది ఇక్కడి నూలు బట్టల కోసం. ఆ కొట్టు పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. ఈ తీరపు అద్దకపు బట్టలిచ్చి తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొన్నారు. ఉన్నితో సరిపెట్టుకోగలిగితే ఇంత దూరం వచ్చే వాళ్లు కాదు.

1742లో కూర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాద్రీ, తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన మనిషి, ఈ పనిని దగ్గరుండి కనుక్కుని తన దేశానికి ఉత్తరం రాశాడు. అందులో వేరు కంటే ముందు వచ్చేది బట్టని సిద్ధం చేసే పని: కరక్కాయ, గేదెపాలు, ఎండబెట్టడం. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు నేటికీ అక్కడే మొదలుపెడతారు. కరక్కాయ వగరు పటికకి చోటిస్తుంది, పాలలోని కొవ్వు కలం గీత పక్కలకి పాకకుండా ఆపుతుంది. ఆ తర్వాత పటిక, ఉడకబెట్టడం, ఉతకడం, మళ్లీ ఎండ. ఉన్నికి నేను ఒక పటిక నీళ్లతో చేసిన పనికి నూలు ఇంత పరివారాన్ని అడుగుతుంది.

1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మాడర్, చిరివేరు వేళ్లలోని ఎరుపుని, అలిజరిన్‌ని, ప్రయోగశాలలో తయారుచేశారు. దాంతో చిరివేరు తవ్వకం దెబ్బతింది. చీరాల తేలియా రుమాళ్ల వాళ్లూ అలిజరిన్ పొడి కొనుక్కున్నారు. అయితే నూలుకి ఆముదపు కాయల బూడిదా నూనే పట్టించి, ఎండబెట్టి, మళ్లీ పట్టించే పని మాత్రం ఏ డబ్బాలోనూ రాలేదు, దాన్ని చీరాల చేతులే చేయాల్సి వచ్చింది. వేరు పోయినా విద్య నిలిచిందంటే విద్య వేరులో లేదన్నమాట. చిరివేరుని తలుచుకుని మురిసిపోయే మనం కరక్కాయకీ, పాలకీ, ఎండలో నిలబడ్డ మనుషులకీ అందులో సగం గౌరవమైనా ఇచ్చామా అని నా అనుమానం.

రంగు నేర్చుకోవాలనుకునేవాళ్లకి నేనైతే ఉన్నితో మొదలుపెట్టమనే చెబుతాను. మన్నించే పోగు అది, మొదటిసారికే ఫలితం చూపిస్తుంది. ఆరబెట్టేటప్పుడు పిండకుండా నీడలో నులకమంచం మీద పరిస్తే చాలు. చేయి తిరిగాక నూలు పట్టండి. ఈ తీరం దేనికి ధర పలికించుకుందో ఆ ముక్క రెండోసారి జాడించేటప్పుడు తెలుస్తుంది. ఇక సన్మానం చేసేవాళ్లకి చిన్న మనవి: శాలువా కొనేముందు ఒక పోగు కాల్చి చూడండి.