అడుగు కలవని మనిషి

మా తిరుపతికి సముద్రం 2022 ఏప్రిల్ 4న వచ్చింది. జిల్లాలు విడదీసినప్పుడు తడ, సూళ్లూరుపేట, వాకాడు మావైపు పడ్డాయి. వాటితోపాటే పులికాట్ సరస్సూ, బకింగ్‌హాం కాలువా మా లెక్కలోకి చేరాయి. స్వర్ణముఖిలో నీళ్లు చూడాలంటేనే వానల కోసం కాచుకునేవాళ్లం, మాకు పడవల సంగతి ఏం తెలుస్తుంది!

పాత ఫొటోలు పోగుచేసే పిచ్చి మాత్రం నాకు చాలా ఏళ్లుగా ఉంది. భూతద్దం పెట్టుకుని కూర్చుంటే ఇంట్లో వాళ్లు అన్నానికి పిలిచీ పిలిచీ మానేస్తారు.

బకింగ్‌హాం కాలువ ఫొటోల్లో నన్ను ఇబ్బంది పెట్టేది దాని పేరుతోనే మొదలవుతుంది. 1876-78 కరువులో మద్రాసులో అడయారు, కూవం నదులను కలుపుతూ ఆ కాలువలో సుమారు 8 కిలోమీటర్ల భాగం తవ్వించారు. తవ్వింది కరువు కూలీలు, పేరు మాత్రం గవర్నరు బకింగ్‌హాం ప్రభువుది. అప్పట్లో చిత్తూరు కేంద్రంగా ఉన్న మా ఉత్తర ఆర్కాడు జిల్లానూ ఆ కరువు వదల్లేదు. అదే కరువులో హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లలాంటి మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. నేను చూసినవాటిల్లో ముఖాలు స్పష్టంగా ఉంటాయి. కదిలితే అలుక్కుపోయేవి, కానీ కదిలే ఓపిక వాళ్లకెక్కడిది?

నా దగ్గరున్న ఫొటో ఆ తర్వాతి కాలానిది. కట్టెల పడవ ఒకటి, గట్టు మీద తాడు లాగుతున్న ముగ్గురు. శ్రీహరికోట అడవి కట్టెలు ఈ కాలువ మీదుగానే మద్రాసు పొయ్యిల్లోకి వెళ్లేవి. రాకెట్లకు ముందు ఆ దీవి సంగతి అది. ఫొటోలో ఇద్దరు బాగానే పడ్డారు. మూడోవాడి కాళ్లు మాత్రం పొగలా అలుక్కుపోయాయి. ఫొటో చెడిపోయిందనే అనుకున్నాను.

ఆమధ్య తడలో ఒక పెద్దాయనకు దాన్ని చూపించాను. చిన్నప్పుడు ఆ పడవలు ఎక్కినవాడు. భూతద్దం ఇవ్వబోతే వద్దని, ఫొటోను ఎండవైపు తిప్పి పట్టుకున్నాడు.

"నిండా సరుకుండాది. అంచు నీళ్లకు జానెడే."

తాడు పడవ ముక్కుకు కాకుండా తెరచాప కొయ్యకెందుకు కట్టారని అడిగాను.

"ముక్కుకు కడితే లాగే కొద్దీ గట్టుకొచ్చి గుద్దుకుంటాది అబ్బయా. కొయ్యకైతే తాడు తుప్పల మీదుగా పోతాది. గాలుంటే తెరచాప, లేకుంటే మన భుజమే."

అలుక్కుపోయిన కాళ్ల మీద వేలు పెట్టి, ఇది ఫొటో తీసినవాడి తప్పా అన్నాను. ఆయన నవ్వాడు.

"తప్పు వాడిది కాదులే. ముందు ఇద్దరూ తాడు మీద ఒరిగి నిదానంగా అడుగేస్తా ఉండారు, చూడు. ఈడు కొత్తోడు. అడుగు కలవలా, తడబడినాడు."