ఒక్క సీటుకి అందరి బరువు

తెలుగునేల మీద ముస్లిం అనగానే హైదరాబాద్. హైదరాబాద్ అనగానే పాతబస్తీ. పాతబస్తీ అనగానే అక్కడి ఎంపీ. ఈ వరసలో మేమెక్కడ? గుంటూరు పల్లెల్లో దూదేకిన తాతల మనవలం, సీమలో పీర్లెత్తిన ఇళ్ళవాళ్ళం, ఉర్దూ రాక తెలుగులోనే ఏడ్చి తెలుగులోనే నవ్వేవాళ్ళం మేమెక్కడ?

"నిన్న పార్లమెంటులో మీ ఎంపీ మాటలు విన్నావా సాయిబూ?" అని టీకొట్టు దగ్గర అడుగుతారు. మెచ్చుకోలుగా అడిగేవాళ్ళున్నారు, ఎత్తిపొడుపుగా అడిగేవాళ్ళున్నారు. మేం ఓటేసింది ఒంగోల్లోనో, కర్నూల్లోనో, నల్గొండలోనో. మా ఎంపీ వేరే. ఆ సంగతి అడిగేవాళ్ళకీ గుర్తుండదు. అసలు బాధేమిటంటే, మాకూ గుర్తుండటం లేదు.

హైదరాబాద్ మొదట్నుంచీ 'ముస్లింల సీటు' కాదు. 1952లో అహ్మద్ మొహియుద్దీన్ గెలిచినా, ఆ తర్వాత వినాయకరావు కొరాట్కర్, మెల్కోటే, కె.ఎస్.నారాయణ అక్కణ్ణుంచే లోక్‌సభకి వెళ్ళారు. 1984లో సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ ఇండిపెండెంటుగా గెలిచాక కథ మారింది. 2004 దాకా ఆయన, అప్పట్నుంచి కొడుకు అసదుద్దీన్. 2024లో మెజారిటీ 3,38,087. అది అక్కడి ఓటర్ల తీర్పు, దాన్ని తప్పుబట్టే హక్కు మాకు లేదు. కానీ ఆ తీర్పుని మా అందరి నెత్తినా పెట్టిందెవరు?

ఒకప్పుడు తాండూరు, వికారాబాద్ పల్లెలూ ఆ సీటులోనే ఉండేవి. 2008 పునర్విభజనలో అవి కొత్తగా పుట్టిన చేవెళ్ళలోకి పోయాయి. హైదరాబాద్‌కి మలక్‌పేట, కార్వాన్, గోషామహల్, చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా మిగిలాయి. తాండూరు సాయిబుకి గీత మారగానే ఎంపీ మారాడు. అతని నమాజు మారిందా? పేదరికం మారిందా? హైదరాబాద్ ఎంపీయే ముస్లింలందరి ఎంపీ అయితే చేవెళ్ళ ఎంపీ ఎవరికి ఎంపీ? ఈ ప్రశ్న వేసుకోకపోవడంలోనే మోసం ఉంది.

లెక్క చూడండి. రెండు తెలుగు రాష్ట్రాలకి కలిపి లోక్‌సభ సీట్లు 42. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి రాష్ట్రంలో మేం నూటికి తొమ్మిదిన్నర మందికి పైనే. 1991లో గుంటూరు నుంచి లాల్‌జాన్ బాషా గెలిచారు. 2004లో హిందూపురం నుంచి నిజాముద్దీన్ గెలిచారు. 2009, 2014, 2019, 2024 - నాలుగు ఎన్నికల్లో హైదరాబాద్ తప్ప ఇంకెక్కణ్ణుంచీ ఒక్క ముస్లిం గెలవలేదు. పెద్ద పార్టీలకి ఇది హాయిగా ఉంది. 'మీకో గొంతుంది కదా' అని చార్మినార్ వైపు వేలు చూపిస్తే సరిపోతుంది. టిక్కెట్టూ ఇవ్వక్కర్లేదు, జవాబూ చెప్పక్కర్లేదు.

2025 ఏప్రిల్లో వక్ఫ్ సవరణ బిల్లు చర్చలో అసదుద్దీన్ బిల్లు ప్రతిని చించారు. మేం ఆ వీడియో ఒకరికొకరం పంపుకున్నాం. అదే సభలో తెలుగుదేశం ఎంపీలు బిల్లుకి ఓటేశారు. వాళ్ళు మా ఊళ్ళకొచ్చి, మా దర్గాల దగ్గర చాదర్లు కప్పి, మా ఓట్లడిగినవాళ్ళు. వాళ్ళ గుమ్మం దగ్గరికెళ్ళి 'ఎందుకు వేశావన్నా?' అని మేం ఎందరం అడిగాం? వీడియో చూస్తే కడుపు నిండినట్టుంటుంది. నిండేది కడుపు కాదు, కళ్ళే.

2023లో మహిళా రిజర్వేషన్ బిల్లుకి లోక్‌సభలో 454 మంది అవునంటే కాదన్నది ఇద్దరే - అసదుద్దీన్, అప్పటి ఔరంగాబాద్ ఎంపీ ఇంతియాజ్ జలీల్. బీసీ స్త్రీలకీ ముస్లిం స్త్రీలకీ అందులో వాటా లేదన్నది వాళ్ళ అభ్యంతరం. సరైన మాటే. అయితే ఆ మాట ఇంటివైపూ తిరగాలి. తెలుగునేల నుంచి ఒక్క ముస్లిం స్త్రీ కూడా ఇంతవరకూ లోక్‌సభకి గెలవలేదు. నలభై ఏళ్ళుగా చేతిలో ఉన్న సీటు తండ్రి నుంచి కొడుక్కే వచ్చింది. మా ఆడవాళ్ళ వాటా ఢిల్లీనే అడగాలా, దారుస్సలాంని అడగకూడదా? మా దూదేకుల, మా ఫకీరు, మా కసాబు ఎక్కడ నిలబడాలి? ఈ మాటంటే 'ఇప్పుడా? శత్రువు గుమ్మంలో ఉన్నప్పుడా?' అంటారు. శత్రువు గుమ్మం దిగిన రోజేది?

మాకు హైదరాబాద్ ఎంపీ మీద కక్ష లేదు. మా మీద దాడి జరిగినప్పుడు సభలో లేచి నిలబడ్డ గొంతుని మేం తక్కువ చేయం. కానీ ఏడు అసెంబ్లీ నియోజకవర్గాల మనిషి మీద మా అందరి బరువూ వేసి మేం పడుకోలేం. ఆయన పాతబస్తీకి జవాబు చెప్పాలి. మిగిలిన నలభై ఒక్కమంది మాకు చెప్పాలి. ఈసారి టీకొట్టు దగ్గర 'మీ ఎంపీ' అన్నవాడితో ఇలా అందాం: 'నీ ఎంపీయే నా ఎంపీ. పద, ఇద్దరం కలిసెళ్ళి అడుగుదాం.'